మత్తు వేరు, కోమా వేరు

 

పోయిన దసరా సెలవులు నాకు విశాఖలో ఒక పెద్దాసుపత్రి వరండాలోనే గడిచిపోయాయి. మా చిన్నాన్న పాడేరు ఘాట్ రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. 108లో తీసుకుపోయారు. తలలో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేసి ఐ.సి.యు.లో పెట్టారు. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి ఇచ్చే మిషను.

మూడో రోజు నాయనమ్మ లోపలికి వెళ్లి పిలిచింది. చిన్నాన్న కళ్లు తెరవలేదు. బయటికొచ్చి, కొడుకు ఇక లేవడని, మత్తు మందుతోనే చంపేస్తున్నారని, ఇంటికి తీసుకుపోదామని ఏడ్చింది. మావాళ్లు కూడా సరే అన్నారు. మాది కువి భాష. నాయనమ్మకు తెలుగు అంతగా రాదు. అందుకని అక్కడి సిస్టర్ నన్ను పిలిచి, "నువ్వు చదువుకుంటున్నావు కదా, విని మీవాళ్లకి చెప్పు" అంది. ఆ రోజు నేను విన్నదీ, తర్వాత సైన్సు సారుని అడిగి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

మత్తు ఎందుకు ఇస్తారు?

దెబ్బ తగిలితే కాలు వాస్తుంది. చర్మం సాగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మెదడు కూడా వాస్తుంది, కానీ పుర్రె సాగదు. అప్పుడు లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందదు. పుర్రెలో సన్నని తీగ పెట్టి ఆ ఒత్తిడిని కొలుస్తారు. అది 22 మి.మీ. దాటితే తగ్గించాలని వైద్యుల నియమం. గొట్టం వల్ల దగ్గినా, నొప్పికి పెనుగులాడినా ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే మత్తు. మత్తులో మెదడుకి ఆక్సిజన్ అవసరం కూడా తగ్గుతుంది.

ఎక్కువైతే? బి.పి. పడిపోతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది. తలలో మళ్లీ రక్తం కారినా పైకి తెలియదు. తక్కువైతే పెనుగులాట. కాబట్టి కొలవాలి.

ఎలా కొలుస్తారు?

1. పిలిచి చూస్తారు. దీనికి 'రాస్' అనే కొలత ఉంది. అమెరికాలోని రిచ్‌మండ్‌లో తయారైంది, 2002లో అచ్చయింది. 0 అంటే మెలకువగా, ప్రశాంతంగా ఉన్నట్టు. +4 అంటే కొట్టేటంత ఆందోళన. పిలిస్తే పలక్కుండా, తట్టి కదిపితేనే కదిలితే -4. దేనికీ కదలకపోతే -5.

2. గ్లాస్గో కొలత. 1974లో స్కాట్లాండ్ డాక్టర్లు టీస్‌డేల్, జెన్నెట్ తెచ్చారు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికన్నా తక్కువ 3. మన పరీక్షల్లో లాగా సున్నా లేదు!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనిషి పలకకపోతే అది మందు వల్లా, దెబ్బ వల్లా? ఈ రెండు కొలతలూ ఆ తేడా చెప్పలేవు.

3. అందుకే కనుపాప చూస్తారు. టార్చి వేస్తే కనుపాప చిన్నది కావాలి. మత్తులో ఉన్నా మామూలుగా ఇది పనిచేస్తుంది. ఒక కన్ను పాప పెద్దదై కదలకపోతే వెంటనే డాక్టరుగారిని పిలుస్తారు. రాత్రి వార్డెన్ గారు టార్చితో మనల్ని లెక్కపెట్టినట్టే, సిస్టర్ గంటగంటకీ చూసి పెద్ద కాగితం మీద రాసేది.

4. మెదడు విద్యుత్తుని గీతలుగా రాసే ఇ.ఇ.జి. మనిషి మెదడు నుంచి మొదట దీన్ని తీసింది జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్, 1924లో. నుదుటికి పట్టీ అంటించి 0 నుంచి 100 వరకు అంకె చూపే మిషను కూడా ఉంది. కానీ దెబ్బతిన్న మెదడులో ఆ అంకె ఒక్కటే నమ్మకూడదు.

5. మత్తు ఆపి చూస్తారు. ప్రొపోఫాల్ అనే మందు త్వరగా దిగుతుంది. మిడజోలం రోజుల తరబడి ఇస్తే ఒంట్లో పేరుకుని నెమ్మదిగా దిగుతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు, ఫిట్స్ ఆగనప్పుడు మాత్రం ఇలా ఆపకూడదు.

ఇదంతా నాయనమ్మకు మా భాషలో చెప్పాను. "నిద్రపోతున్నాడా, పోయాడా?" అని అడిగింది. నిద్రపుచ్చారని, ఎంత నిద్రో గంటగంటకీ చూస్తున్నారని చెప్పాను. ఒక రోజు ఆగుదాం అంది.

ఐదో రోజు మత్తు ఆపారు. అరగంటలో ఒత్తిడి పెరిగింది. మళ్లీ మొదలుపెట్టారు. మాకు గుండె జారిపోయింది. ఏడో రోజు మళ్లీ ఆపారు. ఆ రోజు "చెయ్యి నొక్కు" అంటే చిన్నాన్న నాయనమ్మ వేళ్లు నొక్కాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. మాట కొంచెం తడబడుతుంది, కొన్ని పేర్లు గుర్తురావు.

అందరికీ ఇలా బాగవుతుందని నేను చెప్పను. కానీ మిత్రులారా, మన ఊరివాళ్లు ఎవరైనా అలా పడుకుని ఉంటే, తీసుకుపోదాం అనే ముందు రెండు మాటలు అడగండి: "మత్తు ఎంత ఉంది? ఆపి చూశారా?" మనం చదువుకున్నందుకు ఆ మాత్రం అడగగలగాలి. విన్నది ఇంటి భాషలో చెప్పగలగాలి.

బండి ఎక్కితే హెల్మెట్ పెట్టుకోండి.

— 10వ తరగతి విద్యార్థి