కేంద్రకాన్ని లాగే మోటార్లు

కొందరు పిల్లలు మెదడు మీద ముడతలు దాదాపు లేకుండానే పుడతారు. లిస్సెన్సెఫలీ అనే ఈ స్థితిలో మూర్ఛలు వస్తాయి, ఎదుగుదల బాగా మందగిస్తుంది. దీనికి ఒక ముఖ్య కారణం 1993లో దొరికింది: 17వ క్రోమోజోమ్ మీది లిస్1 జన్యువు. మనకుండే రెండు ప్రతుల్లో ఒకటి పాడైనా చాలు. ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్ మెదడుకు ఆకారమిచ్చేదేమీ కాదు. డైనీన్ అనే మోటారు ప్రొటీన్‌కు తోడ్పడేది. కణంలో సరుకులు మోసే మోటారుకు సాయం తగ్గితే మెదడు ముడతలెందుకు పోవాలి? నాడీకణంలో కేంద్రకం ఎప్పుడు ఎక్కడ ఉండాలన్నది మెదడు నిర్మాణానికి అంత కీలకం కాబట్టే అన్నది నా వాదన.

పిండంలో మెదడు బెరడుకు చేరాల్సిన న్యూరాన్లలో ఎక్కువ భాగం లోతున, ద్రవంతో నిండిన గదుల అంచున పుడతాయి. అక్కడి నుంచి పైకి పాకాలి; తర్వాత పుట్టినవి ముందు పుట్టినవాటిని దాటుకుని ఇంకా పై పొరకు చేరాలి. పాకే న్యూరాన్ ముందుగా సన్నని కొమ్మను చాస్తుంది. ఆ కొమ్మలోకి సెంట్రోసోమ్ అనే చిన్న భాగం కదులుతుంది, దాని వెనకే కేంద్రకం ఆగి ఆగి దూకుతుంది. కణంలో అన్నిటికన్నా పెద్ద భాగం అదే, ఇరుకు దారిలో తనంతట తాను జారదు. సెంట్రోసోమ్ నుంచి వచ్చే మైక్రోట్యూబ్యూళ్లు అనే సన్నని గొట్టాలు కేంద్రకాన్ని చుట్టుకుని ఉంటాయి. కేంద్రకం పైపొరను పట్టుకున్న డైనీన్లు వాటి మీద సెంట్రోసోమ్ వైపు అడుగులు వేస్తాయి. ఒడ్డున నడుస్తూ తాడుతో పడవను లాగడంలాంటిదిది. ఇక్కడ తాడు పాత్ర నెస్ప్రిన్, సన్ అనే ప్రొటీన్ల గొలుసుది. కేంద్రకం కదలకపోతే న్యూరాన్ తన పొరకు చేరదు, బెరడు ముడతలు పడేలా ఏర్పడదు. 1985లో స్క్విడ్ నాడుల్లో గుర్తించిన కైనెసిన్ జాతి మోటార్లలో చాలావరకు ఎదురు దిశలో నడుస్తాయి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కేంద్రకాలు చుట్టూ ఉన్న రద్దీ తోపుడుకే కదులుతాయేమో, మోటారెందుకు అనవచ్చు. న్యూరాన్లకు తల్లులైన కణాల్లో విభజనల మధ్య కేంద్రకాలు పైకీ కిందికీ తిరుగుతాయి. ఎలుక పిండం మెదడులో ఆ కణాల మధ్య వదిలిన ప్రాణంలేని పూసలు కూడా పైకి జరిగాయి, కనుక తోపుడు నిజమే. కానీ అదే కణాల్లో కేఐఎఫ్1ఏ అనే కైనెసిన్‌ను తగ్గిస్తే కేంద్రకాలు పైకి వెళ్లలేక గది అంచునే ఉండిపోయాయి; డైనీన్‌ను తగ్గిస్తే విభజనకు కిందికి దిగలేకపోయాయి. తోపుడు ఒక్కటే సరిపోలేదన్నమాట. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: లిస్1 కణవిభజనకూ కావాలి, కాబట్టి లోపం అక్కడిదే కావచ్చు. అయితే విభజన మానేసి పాకుతున్న న్యూరాన్లలోనే లిస్1ను తగ్గించి చూశారు. సెంట్రోసోమ్, కేంద్రకం రెండూ నిలిచిపోయాయి. మయోసిన్-2 అనే మరో మోటారు ప్రొటీన్‌ను అడ్డుకున్నప్పుడు మాత్రం సెంట్రోసోమ్ ముందుకు సాగింది, కేంద్రకమే వెనకబడింది. అంటే డైనీన్ ఒక్కటే కాదు, వెనక నుంచి మయోసిన్ సాయమూ ఉంది. ఈ సవరణను ఒప్పుకోవాల్సిందే, వాదన దానివల్ల బలహీనపడదు. నన్ను ఎక్కువగా ఒప్పించినది మరొకటి: రెండు రకాల సన్ ప్రొటీన్లూ లేని ఎలుకల్లో బెరడు పొరలు చెదిరిపోయాయి. మనుషుల్లో డైనీన్ జన్యువులో, మైక్రోట్యూబ్యూల్ ఇటుకైన ట్యూబా1ఏలో దోషాలున్నా బెరడు వికటిస్తుంది. దారి, లాగేది, తాడు: ఏది చెడినా దెబ్బ ఒకే చోట పడుతోంది.

మరి దీన్ని సరిచేయగలమా? లిస్1 జన్యువు ప్రతుల్లో ఒకటి చెడినప్పుడు మిగిలిన కాస్త లిస్1ను కాల్పైన్ అనే ఎంజైమ్ కొంత నరికేస్తుంది. 2009లో, సగం లిస్1 ఉన్న ఎలుకల్లో ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటే ప్రొటీన్ పెరిగి, న్యూరాన్ల ప్రయాణం మెరుగుపడింది. మనుషుల్లో మాత్రం ఈ ప్రయాణంలో ఎక్కువ భాగం పుట్టుకకు చాలా ముందే, గర్భం సగంలోనే జరిగిపోతుంది. ముడతలు లేవని స్కానింగ్‌లో తెలిసేసరికి చాలా న్యూరాన్లు అప్పటికే దారిలో ఆగిపోయి ఉంటాయి.