నక్షత్రాల చిట్టాలో తేడా

బ్యాంకులో నేను వేసిన ప్రతి ఎంట్రీని ఆఫీసరు సరిచూసి సంతకం పెట్టేవారు. మహదేవపురలో మా పక్కింటి అమ్మాయి ఐరోపావారి గాయా ఉపగ్రహం సంగతి అడిగితే నాకదే గుర్తొచ్చింది.

2013లో ఎగిరిన గాయా 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సుమారు 200 కోట్ల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఎండ వేడికి దాని రెండు టెలిస్కోపుల మధ్య కోణం రవ్వంత మారుతుండేది. లేజరుతో ఆ మార్పు కొలిచి లెక్క సరిచేశారు. 2024 ఏప్రిల్‌లో ఇసుక రేణువుకన్నా చిన్న ఉల్క తగిలి కవచం దెబ్బతింది, సూర్యకాంతి లోపలికి దూరింది. మేలో, సౌర తుఫాను రోజుల్లోనే, 106 కెమెరా చిప్పుల్లో ఒకటి చెడిపోయింది. అది కనబడ్డది నక్షత్రమేనని రూఢిచేసే చిప్పు, అంటే మా ఆఫీసరు సంతకం! ఇక లేని నక్షత్రాలు వేలల్లో నమోదయ్యాయి. ఎంత వెలుగుంటే నక్షత్రంగా ఎంచాలన్న హద్దును మార్చి ఇంజనీర్లు దాన్ని దారికి తెచ్చారు.

2025 జనవరి 15న పరిశీలన ముగిసింది. చిట్టా సరిచూడటం మాత్రం ఇంకా సాగుతోంది.