వర్షచ్ఛాయలో ఇసుక మేటలు

వార్షిక వర్షపాతం 250 మిల్లీమీటర్లకు మించని ప్రాంతాలను సాధారణంగా ఎడారులుగా పరిగణిస్తారు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. కనుక అది ఎడారి కాదు, పాక్షిక శుష్క ప్రాంతం. అయినప్పటికీ అక్కడి కణేకల్, బొమ్మనహాళ్ మండలాలలో ఇసుక దిబ్బలు ఏర్పడి పంటభూములను కప్పివేస్తున్నాయి.

దీనికి కారణాలు రెండు. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల తేమను అడ్డగించుట వలన ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో ఉన్నది. ఎండిన వేదవతి నదీగర్భంలోని ఇసుకను బలమైన నైరుతి గాలులు పొలాలపైకి చేర్చుట రెండవది.

మొదటిదానిని మార్చుట అసాధ్యం, రెండవదానిని అరికట్టవచ్చును. గాలికి అడ్డంగా చెట్ల వరుసలను, దిబ్బలపై గడ్డిజాతులను పెంచినచో ఇసుక కదలిక తగ్గుతుంది. మొక్కలు నిలదొక్కుకొనే వరకు పశువుల మేత నుండి వాటిని కాపాడవలెను. లేనిచో ఇసుక తిరిగి పొలాలలోకి చేరుతుంది.