గాలిని బట్టి ఇంధనం

నాయుడుపేట బజారులో మెల్లగా సాగిన పాత మోరిస్ కారు, జాతీయ రహదారి ఎక్కగానే ఎన్నో రెట్లు గాలిని కోరుతుంది. కార్బురేటర్ గొంతు ఇరుకైతే ఆ గాలి చాలదు. వెడల్పైతే మందగమనంలో పెట్రోలును లాగే బలముండదు. ఈ చిక్కును 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో ఇంగ్లాండుకు చెందిన స్కిన్నర్ సోదరులు విప్పారు. వారి కార్బురేటర్ గొంతుకు అడ్డంగా ఒక పిస్టన్ ఉంటుంది. గాలి ప్రవాహం హెచ్చితే దాని పై గదిలో పీడనం తగ్గి, పిస్టన్ లేస్తుంది, దారి వెడల్పవుతుంది, గాలి వేగం దాదాపు మారదు. పిస్టన్ అడుగున ఉన్న కొనదేరిన సూది పెట్రోలు రంధ్రంలో దిగి ఉంటుంది. అది లేచినకొద్దీ రంధ్రంలో ఖాళీ పెరిగి, గాలికి తగిన పెట్రోలు వస్తుంది. కొలత అంతా ఆ సూది వాలులోనే ఉన్నది! యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కినపుడు, పై గొట్టంలోని నూనె పిస్టన్‌ను కాస్త నిలువరించి మిశ్రమాన్ని క్షణకాలం చిక్కబరుస్తుంది. ఆ నూనె ఇంకిపోతే, లారీని దాటబోయే వేళ బండి తడబడుతుంది.