రాత్రిపూట పూడ్చిన నాటకకర్త

విడపనకల్లు నుంచి పడమరకు వెళ్తే సరిహద్దు దాటగానే బళ్లారి. 1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవ వకీలుగా, నటుడిగా పేరు తెచ్చుకున్నది అక్కడే. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని గట్టిగా నమ్మిన మనిషి ఆయన. నాటకమంటే ప్రాణం పెట్టే ఈ సీమవాళ్లకు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ కథ తెలియాలి.

1622లో పారిస్‌లో పుట్టాడు. తండ్రికి రాజుగారి కొలువులో కుదురైన పని ఉండేది. అది కాదని కొడుకు నాటకాల్లో దిగాడు. కంపెనీ అప్పులపాలై 1645లో జైలుకూ వెళ్లాడు. ఆ తర్వాత పదమూడేళ్ల దాకా ఊరూరా తిరిగి ఆడాడు. 1658లో రాజు పద్నాలుగో లూయీ ముందు ఆడాక దశ తిరిగింది.

అసలు గొడవ 1664లో వచ్చిన 'టార్టుఫ్'తో మొదలైంది. టార్టుఫ్ దొంగభక్తుడు. ఒర్గాన్ అనే పెద్దమనిషి అతణ్ణి ఇంట్లో పెట్టుకుని నెత్తికెత్తుకుంటాడు. ఒర్గాన్ ఊరినుంచి తిరిగొస్తాడు. భార్యకు జ్వరం వచ్చిందని పనిమనిషి చెబుతుంటే, టార్టుఫ్ ఎలా ఉన్నాడనే అడుగుతాడు. ఆ భక్తుడు రెండు కౌజుపిట్టలు తిని తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాడని విన్నా, పాపం అతనికెంత కష్టమోనని జాలిపడతాడు. ఇలాంటి యజమానులు మన ఊళ్లలో లేరా?

మతపెద్దలు భగ్గుమన్నారు. రచయితను మంటల్లో కాల్చేయాలని ఒక పాదిరి పుస్తకమే రాశాడు. 1669 దాకా ఆ నాటకాన్ని జనం ముందు స్వేచ్ఛగా ఆడనివ్వలేదు.

1673 ఫిబ్రవరి 17న లేని రోగాలు ఊహించుకునే వేషం కట్టి, నిజమైన జబ్బుతోనే ఆట ముగించి, ఆ రాత్రే ఇంట్లో కన్నుమూశాడు. నటుడని చర్చి సమాధికి ఒప్పుకోలేదు. భార్య రాజును వేడుకుంటే, నాలుగు రోజుల తర్వాత చీకట్లో పూడ్చనిచ్చారు. బతికుండగా చోటివ్వని ఫ్రెంచి అకాడెమీ 1778లో ఆయన ప్రతిమను పెట్టుకుంది. ఇవాళ ఫ్రెంచిని 'మోలియేర్ భాష' అంటారు.

తెలుగులోకి ఆయన్ను తెచ్చినవారిలో ముఖ్యుడు రాజమండ్రిలో పంతులుగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావు. మోలియేర్ నాటకాలను మన ఇళ్లకూ మన పలుకుబడికీ సరిపోయేలా మలిచి 'హాస్యబ్రహ్మ' అనిపించుకున్నారు. కోస్తాలో నవ్వించిన ఆ పని సీమ పల్లెలకూ రావాలి. ఇక్కడి తిరునాళ్లలో రాత్రంతా కురుక్షేత్రం, హరిశ్చంద్ర చూసే జనం ఉన్నారు, పద్యం పట్టుకునే నటులున్నారు. వచ్చే తిరునాళ్లకు విడపనకల్లు కుర్రవాళ్లు టార్టుఫ్‌ను తమ యాసలో, తమ ఊరి దొంగభక్తుడిగా నిలబెట్టి ఆడాలి.