విలీనం సరే... సీనియారిటీ మాటేమిటి?

విమానంలో ఎడమవైపు సీటు కమాండరుది, కుడివైపుది కో-పైలట్‌ది. ప్రాంతీయ మార్గాలలో చిన్న ఏటీఆర్ విమానాలకు ఏళ్ల తరబడి కమాండరుగా వ్యవహరించిన వ్యక్తి సైతం పెద్ద సంస్థలో చేరినప్పుడు తరచు కుడివైపు సీటుతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. సీనియారిటీ జాబితాలో స్థానాన్ని సాధారణంగా నిర్ణయించేది అనుభవం కాదు, చేరిన తేదీ. పదోన్నతి, పెద్ద విమానాలపై శిక్షణ, విదేశీ మార్గాలు, వాటితో వచ్చే భత్యాలు అన్నీ ఆ జాబితాను అనుసరించే సాగుతాయి.

ఒక పైలట్ సంస్థ మారితే నష్టం ఆయనొక్కడిదే. రెండు సంస్థలే కలిసిపోతే, రెండు జాబితాలలో ఎవరు ముందు?

ఈ ప్రశ్న ఎంత ఖరీదైనదో 2007లో జరిగిన ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనం చాటింది. ఒకే సంస్థలో రెండు రకాల వేతనాలేమిటని దేశీయ మార్గాల పైలట్లు 2011 ఏప్రిల్ చివర సమ్మెకు దిగి పది రోజులపాటు సర్వీసులను స్తంభింపజేశారు. మరుసటి ఏడాది అసంతృప్తి అవతలి పక్షానికి పాకింది. కొత్తగా రానున్న బోయింగ్ 787 విమానాలపై శిక్షణను ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారికీ పంచితే తమ పదోన్నతులు వెనుకబడతాయని ఎయిర్ ఇండియా పాత పైలట్లు వాదించారు. 2012 మే నెలలో సామూహిక అనారోగ్య సెలవుతో మొదలైన ఆ ఆందోళన 58 రోజులు సాగి జూలై 3న ముగిసింది. ఈ మధ్యలో సుమారు వందమంది ఉద్వాసనకు గురయ్యారు. ఏకీకరణపై జస్టిస్ ధర్మాధికారి కమిటీ ఆ జనవరిలోనే నివేదిక సమర్పించినా ఫలితం లేకపోయింది. నిజానికి రెండు వాదాలలోనూ న్యాయముంది, చిక్కంతా అక్కడే.

టాటాల యాజమాన్యంలో విస్తారా విలీనానికి ముందు కూడా ఇదే అలజడి. ఎగిరినా ఎగరకున్నా నెలకు 70 గంటల లెక్కన హామీగా దక్కుతూ వచ్చిన వేతనం కొత్త ఒప్పందంలో 40 గంటలకు తగ్గింది. 2024 ఏప్రిల్ నాటికి పైలట్ల కొరతతో విస్తారా సర్వీసులను కుదించుకోవలసి వచ్చింది. పదవీ విరమణ వయసు అప్పట్లో ఎయిర్ ఇండియాలో 58, విస్తారాలో 60. పైవారు రెండేళ్లు అధికంగా ఉంటే కిందివారి నిరీక్షణ ఆ మేరకు పెరుగుతుంది కదా! విలీనం మాత్రం ఆ ఏడాది నవంబరు 12న పూర్తయింది.

విసిగి మరో సంస్థకు వెళ్లడమూ సులభం కాదు. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ విధించిన నిబంధన ప్రకారం కమాండరు ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు తీరి కొత్త సంస్థలో చేరిన నాడు జాబితాలో ఆయనది చివరి పేరు.