మనోవైద్యమునకు బళ్ళారి చూపిన బాట

సంగనకల్లు అనగానే చరిత్రకారులకు నవీన శిలాయుగపు రాతిగొడ్డళ్ళు, బూడిద దిబ్బలు స్ఫురించును. వైద్యగ్రంథములలో మాత్రము ఈ జిల్లా పేరు వేరొక కారణమున నిలిచినది. పేదవానికి ఊరి చెంతనే ఉచితముగా మనోవైద్యము అందించుట సాధ్యమని జిల్లా అంతటికిని వర్తించునట్లు మన దేశమున మొదట చూపినది బళ్ళారియే.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము వెలసినది. అప్పటికి దేశమున మనోవైద్యులు అతిస్వల్పము, ఉన్నవారును నగరవాసులు. అందుచేత బెంగుళూరులోని నిమ్హాన్స్ వారు ఆ దశకపు ఉత్తరార్ధమున ఇచట ఒక కొత్త పద్ధతి నడిపిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు కొద్దికాలము శిక్షణ యిచ్చి, ఉన్మాదము, మూర్ఛ, మనఃక్రుంగుబాటు మున్నగు కొన్ని రుగ్మతలను గుర్తించుట నేర్పిరి. మందులు కొన్నియే, కాని అవి అక్కడనే దొరకునట్లు చూచిరి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి రోగులను కనుగొనుటయే గాక, మందు మానినవారిని మరల పిలుచుకొని వచ్చెడివారు. మూర్ఛను ఇందు చేర్చుటేల యందురేమో! పల్లెలలో రెంటికిని దయ్యమే కారణమని తలచి ఒకే భూతవైద్యుని యొద్దకు పోవుట కద్దు. ఈ నమూనాను అనుసరించియే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలలో మొదలై క్రమముగా దేశమున వ్యాపించినది.

ఉచితమన్నంతనే ఖర్చు లేదనరాదు. దినకూలివాడు తోడొకరితో ఆసుపత్రికి పోయిన, రెండు కూలులు పోవును.

అంతకన్న పెద్ద చిక్కు మాటది. మాత్ర మింగుటకు భాష అక్కరలేదు. ఓదార్పునకు, సలహాకు కావలెను. 1953లో బళ్ళారి తాలూకా మైసూరులో చేరినను ఇచటి పల్లెలలో తెలుగు నిలిచియేయున్నది. ఇరుగుపొరుగు భాషలు గదా, ఎట్లో తెలియునులే యనుకొందుము. 'దిగులు' అను పదమును చూడుడు. మన యిల్లాలు 'దిగులుగా ఉంది' అన్నచో మనసు క్రుంగినదని భావము. కన్నడమున 'దిగిలు' అనగా భయము, బెదురు. (మనకును ఆ యర్థము కలదు గాని నేటి వాడుకలో వెనుకబడినది.) విన్న వైద్యుడు భయమని వ్రాసికొన్నచో అసలు వ్యాధి మరుగుపడును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు లేకున్నను, ప్రభుత్వ వైద్యశాలలలో ఉచిత చికిత్స హక్కని చెప్పినది. చికిత్స వివరములు రోగికి తెలిసిన భాషలో తెలుపవలెననియు విధించినది. ఈ రెండవ హక్కును మనవారిలో ఎందరెరుగుదురు? 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ సేవను 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు రుసుము లేక పొందవచ్చును, తెలుగును ఎంచుకొనవచ్చును. సంగనకల్లులో చదువురాని తల్లికి ఆ యంకెలు నొక్కుట బడికి పోవు బిడ్డయే నేర్పవలెను. కనుక మన తెలుగు పాఠశాలల గోడలపై వానిని వ్రాయించుట సంఘమువారు ఈ యేడే చేయదగిన పని.